ఒక్క బిట్టూ జారిపోకుండా

1830ల చివర్లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో, మోరిస్‌టౌన్ అనే ఊళ్లో, శామ్యూల్ మోర్స్, ఆల్‌ఫ్రెడ్ వెయిల్ టెలిగ్రాఫ్ యంత్రాన్ని దారికి తెచ్చే పనిలో ఉన్నారు. తీగ మీద సంకేతం పోతోంది. ఇక తేలాల్సింది కోడ్. ఏ అక్షరాన్ని ఒక్క చుక్కతో సరిపెట్టాలి, దేనికి మూడు నాలుగు గుర్తులు ఇవ్వాలి? ఇంగ్లిషులో ఏ అక్షరం ఎంత తరచుగా వస్తుందో తెలిస్తేగానీ ఈ ముడి వీడదు. వెయిల్ ఊళ్లోని పత్రికాఫీసుకు వెళ్లి, కంపోజింగ్ కేసుల్లో ఏ అక్షరానికి సీసపు అచ్చులు ఎన్నున్నాయో లెక్కపెట్టాడని చెబుతారు. ఆ లెక్క ఇప్పటికీ నిలిచి ఉంది: ‘ఇ’ అచ్చులు 12,000, ‘టి’ అచ్చులు 9,000, ‘జెడ్’ అచ్చులు 200. అందుకే మోర్స్ కోడ్‌లో ‘ఇ’కి ఒక్క చుక్క, ‘టి’కి ఒక్క గీత. అరుదుగా వచ్చే అక్షరాలకు పొడవాటి వరసలు.

చేత్తో కంపోజింగ్ చేసిన తెలుగు అచ్చుకూటాల పనివాళ్లకు ఇందులో వింతేమీ కనబడదు. కేసులో ఏ గడి ముందు ఖాళీ అవుతుందో వాళ్ల వేళ్లకు తెలుసు. మోర్స్, వెయిల్ చేసిందల్లా ఆ వేళ్ల తెలివిని తీగ మీదికి ఎక్కించడం.

మన దేశంలో 1850లో కలకత్తా, డైమండ్ హార్బర్ మధ్య తొలి ప్రయోగాత్మక టెలిగ్రాఫ్ లైను పడింది. మాటకింత అని రుసుము కట్టాలి కాబట్టి జనం మాటలు తగ్గించడం నేర్చుకున్నారు. పెళ్లి శుభాకాంక్షలకూ పండగ శుభాకాంక్షలకూ తంతి శాఖ ఇంకో సదుపాయం కల్పించింది. తరచుగా వాడే వాక్యాలను వరసగా అచ్చువేసి ఒక్కోదానికి ఒక అంకె ఇచ్చింది. పంపేవాళ్లు ఫారం మీద ఆ అంకె వేస్తే చాలు. తీగ మీద అంకె మాత్రమే వెళ్తుంది. అవతలి ఆఫీసు దాన్ని పూర్తి వాక్యంగా మార్చి అందిస్తుంది. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయే నాటికి ఆ అంకెల సంగతి పెద్దవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

మోర్స్ పద్ధతి ఒకటి, అంకెల పద్ధతి ఒకటి. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు ఇవ్వడం మొదటిది. ఇద్దరి దగ్గరా ఉన్న పట్టికలోని పెద్ద ముక్కను ఒక్క సంఖ్యతో చూపించడం రెండోది. ఈ రోజు ఫోన్‌లో, కంప్యూటర్‌లో జరిగే డేటా కుదింపు చాలావరకు ఈ రెండింటి సంతతే. ఈ విద్య ముందుకు జరిగిన ప్రతిసారీ దాని వెనక రెండు పనులు కనిపిస్తాయి: ఎవరో ఓపిగ్గా లెక్కపెట్టారు, ఇంకెవరో కుదించినదాన్ని మళ్లీ విప్పి అసలుతో సరిచూశారు. మొదటి పనికి దక్కిన పేరు రెండో పనికి దక్కలేదు. కానీ రెండోది లేకుండా మొదటిదానికి విలువ లేదు.

1948లో బెల్ టెలిఫోన్ ప్రయోగశాలకు చెందిన క్లాడ్ షానన్ ఈ లెక్కలకు గణితపు పునాది వేశాడు. ఒక వార్తలో అసలు సమాచారం ఎంత, పునరుక్తి ఎంత అన్నది కొలవవచ్చని చూపించాడు. ఆ కొలతకు ఎంట్రపీ అని పేరు పెట్టాడు. అంతకన్నా తక్కువ బిట్లలో, ఏమీ పోకుండా, సగటున ఎవరూ కుదించలేరు. 1951లో అతను ఇంకో అడుగు వేసి, ఇంగ్లిషు వచనంలో తర్వాతి అక్షరం ఏదో మనుషుల చేత ఊహింపజేశాడు. వాళ్ల ఊహలు ఎన్నిసార్లు ఫలించాయో లెక్కగట్టి, ముందు వంద అక్షరాలు తెలిసి ఉంటే ఒక్కో ఇంగ్లిషు అక్షరంలో ఉన్న సమాచారం 0.6 నుంచి 1.3 బిట్ల మధ్యేనని అంచనా వేశాడు. ఖాళీతో కలిపి 27 గుర్తులకూ సమానమైన కోడ్ ఇస్తే ఒక్కోదానికి 4.75 బిట్లు కావాలి. అంటే మనం రాసేదాంట్లో ముప్పాతిక భాగం చదివేవాడు ముందే ఊహించగలిగినదే.

ఈ పరిశోధన మన భాషల దాకా త్వరగానే వచ్చింది. బెంగళూరు ఐఐఎస్సీలో బి.ఎస్. రామకృష్ణ బృందం 1962లో భారతీయ భాషల సామర్థ్యాన్ని సమాచార సిద్ధాంతం వైపునుంచి పోల్చి చూస్తూ ఒక గ్రంథం వెలువరించింది. ఆ రామకృష్ణే 1980లలో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యారు. ఆయన విభాగంలో అధ్యాపకుడిగా పనిచేసిన బిష్ణు అటల్ బెల్ ప్రయోగశాలకు వెళ్లి, మాటల ధ్వనిని కుదించే పద్ధతుల్లో ప్రపంచంలోనే ముందువరసలో నిలిచారు. 1968లో పి. బాలసుబ్రహ్మణ్యం, గిఫ్ట్ శిరోమణి కలిసి తెలుగు వచనపు ఎంట్రపీ మీద ‘ఇన్ఫర్మేషన్ అండ్ కంట్రోల్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. తెలుగు తెరమీద కనబడటానికి చాలా ఏళ్ల ముందే, తెలుగును ఎంత కుదించవచ్చో లెక్కపెట్టినవాళ్లు ఉన్నారన్నమాట. వాళ్ల పేర్లు మన కంప్యూటర్ పాఠాల్లో కనబడవు. కనబడాలి.

హద్దు ఎక్కడుందో షానన్ చెప్పాడు. అక్కడికి చేరే అత్యుత్తమ కోడ్‌ను ఎలా కట్టాలో చెప్పలేదు. అతనూ, ఎంఐటీ ఆచార్యుడు రాబర్ట్ ఫానో వేర్వేరుగా దాదాపు ఒకే మార్గం సూచించారు: గుర్తులన్నిటినీ తరచుదనం ప్రకారం పేర్చి, పైనుంచి రెండు సమాన భాగాలుగా చీలుస్తూ పోవడం. మంచి కోడే వస్తుంది, అన్నిసార్లూ అత్యుత్తమమైనది రాదు.

1951లో ఫానో తన తరగతిలో విద్యార్థులకు ఒక వెసులుబాటు ఇచ్చాడు. చివరి పరీక్ష అయినా రాయొచ్చు, లేదా ఇచ్చిన సమస్యల్లో ఒకదాని మీద వ్యాసమైనా సమర్పించవచ్చు. డేవిడ్ హఫ్‌మన్ అనే పాతికేళ్ల విద్యార్థి అత్యుత్తమ కోడ్ సమస్యను ఎంచుకున్నాడు. ఫానో, షానన్ ఇద్దరూ దానితో కుస్తీ పట్టి వదిలేశారని అతనికి తెలియదు. ఆచార్యుడు ఆ మాట చెప్పలేదు. నెలల తరబడి ఎన్నో దారులు తొక్కినా ఒక్కదాన్నీ రుజువు చేయలేకపోయాడు. ఇక లాభం లేదనుకుని, పరీక్షకే చదువుకుందామని కాగితాలు చెత్తబుట్టలో పడేయబోతుండగా జవాబు తట్టింది. చీల్చాల్సింది పైనుంచి కాదు, కట్టాల్సింది కిందినుంచి. అన్నిటికన్నా అరుదైన రెండు గుర్తులను కలిపి ఒకటిగా చూడు. మళ్లీ మిగిలినవాటిలో అరుదైన రెండింటిని కలుపు. ఒక్కటే మిగిలేదాకా అలా కలుపుతూ పో. 1952 సెప్టెంబరులో ఆ వ్యాసం అచ్చయింది. హఫ్‌మన్ దానికి పేటెంట్ తీసుకోలేదు. ఇంతమంది ఇంత స్వేచ్ఛగా వాడుకోవడానికి అదీ ఒక కారణమే.

హఫ్‌మన్ పద్ధతి ఎంత చిన్నదో చూడాలంటే ‘కాకి కాకికి’ అన్న రెండు మాటలు చాలు. యూనికోడ్ లెక్కలో ఇందులో 11 గుర్తులున్నాయి. ‘క’ ఐదుసార్లు, గుడి మూడుసార్లు, దీర్ఘం రెండుసార్లు, మధ్యలో ఖాళీ ఒకసారి. అరుదైనవి ఖాళీ (1), దీర్ఘం (2). కలిపితే 3. ఆ మూడునూ గుడి (3)నూ కలిపితే 6. ఆ ఆరునూ ‘క’ (5)నూ కలిపితే 11. చెట్టు పూర్తయింది. ప్రతి చీలిక దగ్గరా ఒకవైపు 0, ఇంకోవైపు 1 వేసుకుంటూ కొస నుంచి దిగి వస్తే ‘క’కు 0, గుడికి 10, దీర్ఘానికి 110, ఖాళీకి 111 వస్తాయి. మొత్తం మాట ఇలా మారుతుంది: 0110 0101 1101 1001 0010. ఇరవై బిట్లు.

ఈ రెండు మాటలు ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో 31 బైట్లు, అంటే 248 బిట్లు తీసుకుంటాయి. 248 ఎక్కడ, 20 ఎక్కడ! కానీ ఈ గెలుపులో హఫ్‌మన్ వాటా ఎంతో నిజాయితీగా చూడాలి. ఉన్నవి నాలుగే గుర్తులు కాబట్టి ఏ తెలివీ లేకుండా ఒక్కోదానికి రెండేసి బిట్లు ఇచ్చినా 22 బిట్లలో పని అయిపోయేది. హఫ్‌మన్ మిగిల్చింది రెండు బిట్లు. పైగా అవతలివాడు విప్పాలంటే ఏ గుర్తుకు ఏ కోడో చెప్పే పట్టిక కూడా పంపాలి. చిన్న మాటకు ఆ పట్టికే బరువవుతుంది. పెద్ద పుస్తకానికి అయితే లెక్కలోకి రాదు. కుదింపు ఫలితాల్లో మోసం, ఆత్మవంచన రెండూ సాధారణంగా ఇక్కడే దూరతాయి: పట్టిక బరువును లెక్కలో కలపకపోవడం.

ఇంకో చిక్కు ఉంది. ఫైలును కంప్యూటర్ బైట్లుగా, అంటే ఎనిమిదేసి బిట్లుగా దాస్తుంది. 20 బిట్లకు మూడు బైట్లు కావాలి. చివర నాలుగు బిట్లు మిగులుతాయి. అక్కడ సున్నాలు నింపితే ఏమవుతుంది? మన పట్టికలో 0 అంటే ‘క’. విప్పే ప్రోగ్రాం అమాయకంగా ఆ నాలుగు సున్నాలనూ చదివి ‘కాకి కాకికికకకక’ అని రాస్తుంది. మొదటిసారి హఫ్‌మన్ ప్రోగ్రాం రాసే ప్రతి విద్యార్థికీ ఎదురయ్యే తప్పు ఇది. మొత్తం గుర్తులు ఎన్నో ముందే రాసిపెట్టడం దీనికి ఒక విరుగుడు. ‘అయిపోయింది’ అని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక గుర్తు పెట్టుకోవడం ఇంకోటి. జిప్ ఫైళ్లలో ఎక్కువగా వాడే డిఫ్లేట్ పద్ధతి రెండోదాన్నే ఎంచుకుంది. బైట్ల విలువలు 0 నుంచి 255 దాకా ఉంటాయి కాబట్టి, 256వ గుర్తుకు సమాప్తి అని అర్థం ఇచ్చింది.

కాబట్టి పరీక్షించేవాళ్లు పెద్ద ఫైలుతో మొదలుపెట్టరు. ముందు ఏమీ లేని ఫైలు ఇస్తారు. తర్వాత ఒకే ఒక్క బైటు ఉన్న ఫైలు. తర్వాత ఒకే అక్షరం లక్షసార్లు ఉన్న ఫైలు. ఇది విచిత్రమైన పరీక్ష: గుర్తు ఒక్కటే అయితే కలపడానికి రెండోది లేదు, చెట్టుకు కొమ్మలే రావు, కోడ్ పొడవు సున్నా అవుతుంది, ప్రోగ్రాం బిక్కమొహం వేస్తుంది. తర్వాత 256 రకాల బైట్లూ ఉన్న ఫైలు, పాచికలు వేసినట్టు ఏ క్రమమూ లేని ఫైలు, ఇదివరకే కుదించిన ఫైలు. ప్రతిదాన్నీ కుదించి, విప్పి, అసలుతో బైటు బైటుకూ పోలుస్తారు. ఒక్క బిట్టు తేడా వచ్చినా ఆ ప్రోగ్రాం పనికిరాదు.

ఇళ్లకూ ఆఫీసులకూ హఫ్‌మన్ మొదట చేరింది ఫ్యాక్స్ యంత్రంలో. 1980లో ఖరారైన గ్రూప్ 3 ప్రమాణంలో ఏ4 కాగితం మీద ఒక అడ్డగీత అంటే 1,728 చుక్కలు. అందులో తెల్ల చుక్కలు వరసగా ఎన్ని, నల్లవి వరసగా ఎన్ని అని లెక్కపెట్టి, ఆ సంఖ్యలకు హఫ్‌మన్ తరహా కోడ్‌లు ఇస్తారు. ఏమీ రాయని తెల్లటి గీత 17 బిట్లకు దిగిపోతుంది. గీత అయిపోయిందని చెప్పే గుర్తు దానికి అదనం. ఆ కోడ్ పట్టికను ఎంచి తయారుచేయడానికి ఎనిమిది నమూనా పత్రాలు పెట్టుకున్నారు. టైపు చేసిన ఉత్తరం, సర్క్యూట్ బొమ్మ, ఇన్వాయిస్ లాంటివి. కుదింపును ఊహల మీద కాకుండా అందరికీ ఒకటే అయిన నమూనాల మీద తూచడం అక్కడ బాగా అలవాటైంది.

రెండో మార్గం, అంటే తంతి శాఖ అంకెల మార్గం, 1977లో ఇజ్రాయెల్‌లోని హైఫా నగరంలో కొత్త రూపం ఎత్తింది. టెక్నియాన్ ఆచార్యులు జేకబ్ జివ్, ఏబ్రహాం లెంపెల్ ఒక ప్రశ్న వేసుకున్నారు: వాక్యాల పట్టికను ఎవరూ ముందుగా తయారుచేసి ఇవ్వనక్కర్లేకుండా, వచ్చిన రాతలోంచే అది పుట్టుకొస్తే? వాళ్ల పద్ధతిలో ప్రోగ్రాం చదివిన భాగాన్ని గుర్తుంచుకుంటుంది. ఇప్పుడు చదువుతున్న ముక్క ఇంతకు ముందే వచ్చి ఉంటే దాన్ని మళ్లీ రాయదు. ‘ఇన్ని బైట్లు వెనక్కి వెళ్లు, అక్కడినుంచి ఇన్ని తెచ్చుకో’ అని రెండు సంఖ్యలు రాస్తుంది. విప్పేవాడి దగ్గర కూడా అప్పటిదాకా విప్పిన భాగం ఉంటుంది కాబట్టి వేరే పట్టిక పంపాల్సిన అవసరమే లేదు. ఏ భాషైనా సరే, ఏ రకం ఫైలైనా సరే, ముందస్తు లెక్క లేకుండా పనిచేసే పద్ధతి ఇది. 1978లో వాళ్లే ఇంకో రూపం ప్రకటించారు. మొత్తం కుదింపు చరిత్రలో ఇంత అందమైన ఆలోచన ఇంకొకటి లేదు. లెంపెల్, జివ్ ఇద్దరూ 2023లో, రెండు నెలలైనా తిరక్కుండా, ఒకరి వెనక ఒకరు కన్నుమూశారు.

సిద్ధాంతాన్ని పనిముట్టుగా మార్చిన టెర్రీ వెల్చ్ 1984లో తన రూపాన్ని ప్రచురించాడు. ఎల్‌జెడ్‌డబ్ల్యూ అని పేరు పడ్డ ఈ పద్ధతిలో కుదించేవాడూ విప్పేవాడూ ఒకే పట్టికను ఎవరికి వారు పెంచుకుంటూ పోతారు. విప్పేవాడు మాత్రం ఎప్పుడూ ఒక అడుగు వెనక ఉంటాడు. అక్కడే ఒక బోను ఉంది. ‘కకక’ అన్న రాతను తీసుకుందాం. పట్టికలో ‘క’ సంఖ్య 1. కుదించేవాడు మొదటి ‘క’కు 1 రాసి, ‘కక’ను 2గా పట్టికలో చేర్చుకుంటాడు. మిగిలింది ‘కక’. అది పట్టికలో ఉంది కదా అని 2 రాసేస్తాడు. విప్పేవాడికి 1 వచ్చింది, ‘క’ రాశాడు. తర్వాత 2 వచ్చింది. అతని పట్టికలో 2 ఇంకా పుట్టలేదు! వెల్చ్ ఈ సందర్భాన్ని తన వ్యాసంలోనే గుర్తించి దారి చెప్పాడు: లేని సంఖ్య వస్తే, కిందటి ముక్కకు దాని మొదటి అక్షరాన్నే చివర తగిలించు. ‘క’కు ‘క’ తగిలిస్తే ‘కక’. సరిగ్గా సరిపోతుంది. మామూలు వాక్యాలతో పరీక్షిస్తే ఈ సందర్భం అరుదుగా తగులుతుంది. ప్రోగ్రాం చక్కగా ఉన్నట్టే కనిపించి, ఎప్పుడో ఒక తెల్లటి బొమ్మ మీద కూలిపోతుంది. ఒకే అక్షరపు ఫైలుతో పరీక్షించాలన్న పట్టుదల ఎందుకో దీన్ని చూస్తే అర్థమవుతుంది.

వెల్చ్ పద్ధతి యూనిక్స్‌లో ‘కంప్రెస్’ అనే ఆదేశంగా, 1987లో కంప్యూసర్వ్ ప్రకటించిన జిఫ్ బొమ్మల్లో గుండెకాయగా చేరింది. అయితే అతను పనిచేసిన స్పెర్రీ సంస్థ 1983లోనే పేటెంట్‌కు దరఖాస్తు చేసింది. 1985లో అది మంజూరైంది. స్పెర్రీ విలీనమై యూనిసిస్ అయ్యాక, 1994 డిసెంబరు చివర్లో జిఫ్ బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లకు లైసెన్సు రుసుము కట్టాలన్న ప్రకటన వెలువడింది. వారం పది రోజులు తిరక్కుండానే, 1995 జనవరి మొదట్లో, థామస్ బౌటెల్ ఒక కొత్త బొమ్మల ఫార్మాట్ ముసాయిదా అందరి ముందు పెట్టాడు. ప్రపంచం నలుమూలల నుంచి ప్రోగ్రామర్లు దాన్ని దిద్దారు. అదే పీఎన్‌జీ. అమెరికా పేటెంట్ 2003 జూన్‌లో గడువు తీరింది. పీఎన్‌జీ మాత్రం ఉండిపోయింది.

పీఎన్‌జీ లోపల పనిచేసేది డిఫ్లేట్. దాన్ని రూపొందించినవాడు మిల్వాకీ నగరానికి చెందిన ఫిల్ కాట్జ్. మోడెమ్‌ల ద్వారా ఫైళ్లు పంపుకునే 1980లలో, ఫోను బిల్లు నిమిషాల లెక్కన పెరిగేది కాబట్టి, కుదింపు ప్రోగ్రాం అంటే నేరుగా డబ్బు ఆదా. అప్పట్లో వ్యాప్తిలో ఉన్న ఆర్క్ ఫార్మాట్‌ను కాట్జ్ వేగంగా పనిచేసేలా మళ్లీ రాశాడు. దాని హక్కుదారులు 1988లో దావా వేశారు. రాజీ తర్వాత అతను సొంత ఫార్మాట్ వైపు వెళ్లి 1989లో జిప్‌ను విడుదల చేశాడు. దాని నిర్మాణం మొత్తాన్నీ దాచకుండా ప్రచురించాడు. ఎవరైనా వాడుకోవచ్చన్నాడు. 1993లో వచ్చిన రెండో తరంలో డిఫ్లేట్ చేరింది: లెంపెల్, జివ్‌ల ‘వెనక్కి వెళ్లి తెచ్చుకో’ ముందు నడుస్తుంది, అది మిగిల్చిన సంఖ్యల మీద, అక్షరాల మీద హఫ్‌మన్ కోడ్ నడుస్తుంది. మోర్స్ దారీ తంతి శాఖ దారీ ఒకే ప్రోగ్రాంలో కలిశాయి.

కాట్జ్ 2000 ఏప్రిల్‌లో, 37 ఏళ్లకే చనిపోయాడు. తాగుడు అతన్ని తినేసింది. ఇప్పటికీ ఏ జిప్ ఫైలును లోపలికంటా తెరిచి చూసినా మొదటి రెండు బైట్లు అతని పేరులోని పొడి అక్షరాలే: పీ, కే. ఆండ్రాయిడ్ ఫోన్‌లో వేసుకునే ఏపీకే యాప్, వర్డ్‌లో దాచుకునే డాక్స్ ఫైలు, ఈ-పుస్తకాల ఈపబ్ కూడా లోపల జిప్‌లే. వాటన్నిటి నుదుటా ఆ రెండు అక్షరాలున్నాయి.

ఈ విద్యను సామాన్య ప్రోగ్రామర్ల చేతికి అందించినవాళ్ల గురించి వేరే చెప్పాలి. జపాన్‌లో హరుహికో ఒకుమురా 1989లో లెంపెల్, జివ్ పద్ధతికి చెందిన ఎల్‌జెడ్‌ఎస్‌ఎస్ అనే రూపాన్ని రెండు మూడు పేజీల సి ప్రోగ్రాంగా రాసి, ఇష్టమొచ్చినట్టు వాడుకోండి, మార్చుకోండి, పంచుకోండి అని వదిలేశాడు. అదే ఏడు అక్టోబరులో మార్క్ నెల్సన్ ఒక పత్రికలో ఎల్‌జెడ్‌డబ్ల్యూను ప్రోగ్రాంతో సహా వివరించాడు. 1992లో జాన్-లూ గైయీ, మార్క్ ఆడ్లర్ పేటెంట్ల బెడద లేని జీజిప్‌ను తెచ్చారు. జీజిప్ ఫైలు చివరి ఎనిమిది బైట్లను ఒకసారి తలచుకోవాలి. నాలుగు బైట్లు అసలు ఫైలు మీద గట్టిన తనిఖీ మొత్తం, నాలుగు బైట్లు అసలు ఫైలు పొడవు. విప్పే ప్రోగ్రాం ప్రతిసారీ తాను విప్పినదాన్ని ఆ రెండింటితో సరిచూసుకుంటుంది. పరీక్షను ఫైలులోనే కట్టి పంపడమన్నమాట.

అప్పటికి పరీక్షలకు ఒక ఉమ్మడి తూకం కూడా కుదిరింది. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో ఇయాన్ విటెన్, టిమ్ బెల్, జాన్ క్లియరీ 1980ల చివర్లో కొన్ని ఫైళ్లను ఏర్చి కూర్చారు. అందులో థామస్ హార్డీ నవల ‘ఫార్ ఫ్రం ద మ్యాడింగ్ క్రౌడ్’ ఉంది, 7,68,771 బైట్లు. భూకంప పరిశోధన సంఖ్యలున్నాయి, ప్రోగ్రాంలున్నాయి, ఫ్యాక్స్ పేజీ బొమ్మ ఉంది. నవలను జీజిప్ 3,12,000 పైచిలుకు బైట్లకు దించుతుంది. 1997లో న్యూజిలాండ్‌లోని కాంటర్బరీ విశ్వవిద్యాలయం నుంచి కొత్త కూర్పు వచ్చింది. దానికి అనుబంధంగా కృత్రిమ ఫైళ్ల చిన్న మూట ఒకటి చేర్చారు: ఒకే ఒక్క అక్షరమున్న ఫైలు, అదే అక్షరం లక్షసార్లున్న ఫైలు, అక్షరమాల తిరిగి తిరిగి వచ్చే ఫైలు, లక్ష యాదృచ్ఛిక అక్షరాల ఫైలు. వేగంలోనో పరిమాణంలోనో గొప్ప చూపించడానికి అవి పనికిరావు. ప్రోగ్రాం ఎక్కడ విరుగుతుందో చూడటానికి మాత్రం వాటిని మించినవి లేవు.

ఇలాంటి తూకాలు ఎందుకు కావాలో 1992లో అమెరికాలోని ఒక సంస్థ చేసిన ప్రకటన చెబుతుంది. ఏ ఫైలునైనా పదహారో వంతుకు కుదిస్తామనీ, కుదించినదాన్నే మళ్లీ మళ్లీ కుదించవచ్చనీ ఆ సంస్థ ప్రకటించింది. పేరున్న పత్రికలు ఆ వార్త వేశాయి. ఆ సాఫ్ట్‌వేర్ ఎప్పటికీ రాలేదు. నెదర్లాండ్స్‌లో యాన్ స్లోట్ అనే ఎలక్ట్రానిక్స్ పనివాడు సినిమా మొత్తాన్ని 8 కిలోబైట్లలో దాస్తానన్నాడు. పెట్టుబడిదారులు నమ్మి ముందుకొచ్చారు. 1999 జూలైలో ఒప్పందం తుదిరూపు దాల్చే వేళ అతను గుండెపోటుతో మరణించాడు. తర్వాత ఎవరూ ఆ యంత్రాన్ని మళ్లీ కట్టలేకపోయారు.

ఇలాంటి మాటలు నిజం కావని తేల్చడానికి పెద్ద గణితం అక్కర్లేదు. మూడు బిట్ల ఫైళ్లు ఎనిమిది ఉంటాయి. మూడుకన్నా తక్కువ బిట్లున్నవి ఖాళీ ఫైలుతో కలిపి ఏడే: ఒకటి, రెండు, నాలుగు. ఎనిమిదింటినీ ఏడింటిలో కూర్చితే ఏవో రెండు ఒకేచోట పడతాయి. విప్పినప్పుడు ఏది ఏదో తెలియదు. బిట్లు మూడైనా మూడు కోట్లైనా ఇదే లెక్క. ఏ కుదింపు ప్రోగ్రామైనా కొన్ని ఫైళ్లను చిన్నవి చేస్తుందంటే ఇంకొన్నింటిని పెద్దవి చేయక తప్పదు. 2006లో మొదలైన హట్టర్ బహుమతి ఈ అనుభవాలన్నిటినీ నియమంగా మార్చుకుంది. వికీపీడియా నుంచి తీసిన రాతను ఎవరు ఎక్కువ కుదిస్తే వాళ్లకు బహుమతి. విప్పే ప్రోగ్రాం పరిమాణాన్ని కూడా ఫైలు పరిమాణంతో కలిపి తూస్తారు. పట్టికను ప్రోగ్రాంలో దాచేసి గెలిచే వీల్లేదు.

తెలుగు రాతకు ఈ పద్ధతులు ఎంత మేలు చేస్తాయో బైట్లు చూస్తే తెలుస్తుంది. 1991 నాటి ఇస్కీ ప్రమాణంలో తెలుగు అక్షర గుర్తుకు ఒక్క బైటు సరిపోయేది. యూటీఎఫ్-8లో మూడు కావాలి. ‘క’ అంటే 224, 176, 149. గుడి అంటే 224, 176, 191. కొమ్ము అంటే 224, 177, 129. తెలుగు గుర్తు ఏదైనా మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. మూడింట రెండు బైట్లలో దాదాపు కొత్త సంగతేమీ లేదు. డిఫ్లేట్ ఆ పునరుక్తిని ఇట్టే పసిగట్టి చాలావరకు మింగేస్తుంది. కాబట్టి తెలుగు వెబ్ పేజీ సర్వర్ దగ్గర కుదించి పంపితే ఇంగ్లిషు పేజీకన్నా ఎక్కువ నిష్పత్తిలో సన్నబడుతుంది. అయితే పరీక్షలకు ప్రపంచం వాడుతున్న ఆ పాత మూటల్లో తెలుగు ఫైలు ఒక్కటీ లేదు. ఇక్కడి ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా ఎంతోమంది హఫ్‌మన్ చెట్టును ల్యాబ్ రికార్డుల్లో రాస్తారు. వాళ్లలో కొందరైనా ఆ చెట్టును ఒక తెలుగు పుస్తకం మీద నడిపి, విప్పి, సరిచూసి, ఆ నమూనాను అందరికీ అందుబాటులో పెడితే ఈ లోటు తీరుతుంది.

డిఫ్లేట్‌కు 1995లో గైయీ, ఆడ్లర్ రాసిన జెడ్‌లిబ్ అనే లైబ్రరీ ఇప్పుడు ఫోన్లలో, బ్రౌజర్లలో, టీవీల్లో, సర్వర్లలో ఉంది. భూమ్మీద ఇంతగా పరీక్షకు గురైన కుదింపు ప్రోగ్రాం ఇంకోటి ఉండదు. అయినా 2018లో అందులో ఒక తప్పు బయటపడింది. చాలా దూరంనుంచి తెచ్చుకోవాల్సిన ముక్కలు ఒక ఫైలులో మరీ ఎక్కువైతే, కుదించే దశలోనే మెమరీలో రెండు రకాల సమాచారం ఒకదాని మీద ఒకటి పడుతుంది. పదేళ్లకు పైగా ఎవరి కంటా పడని తప్పు అది. అప్పుడే దిద్దుబాటు రాశారు గానీ అది కొత్త విడుదలలోకి ఎక్కలేదు. 2022లో ఇంకొకరికి అదే తప్పు మళ్లీ ఎదురైతేగానీ కదలిక రాలేదు. ఆ ఏడు మార్చిలో 1.2.12 విడుదలతో దిద్దుబాటు అందరికీ చేరింది.